నిచ్చెన పిల్లలది... పట్టుకోవడం మనది!

"రేపు పొద్దున్నే ఇయ్యాలంటమ్మా!" అంటూ రాత్రి ఎనిమిదింటికి థర్మాకోలు షీటు, రంగు కాగితాలు అడిగే పిల్లలు లేని ఇల్లుంటుందా? ఇక ఆ రాత్రి అమ్మకి శివరాత్రే. అగ్నిపర్వతం కట్టేది అమ్మ, అట్టముక్కలు కోసేది నాన్న. పిల్లాడు పదింటికే గుర్రుపెట్టి నిద్ర. తెల్లారి మార్కులు మాత్రం వాడికి! మరి ఈ 'ప్రాజెక్టు వర్కు'లో నేర్చుకున్నదెవరో చెప్పండి?

చేతులతో చేసి నేర్చుకోవడమంటే ఇది కాదు. ప్రశ్న పిల్లలది కావాలి. వెతుకులాటా వాళ్లదే కావాలి. అప్పుడు లెక్కలు, సైన్సు, సాంఘికం, తెలుగు గంట కొట్టగానే విడిపోయే సబ్జెక్టుల్లా కాకుండా, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వస్తాయి.

ఇదేం నిన్నా మొన్నా పుట్టిన ముచ్చట కాదు. చేతిపని చుట్టూ చదువు అల్లుకోవాలని గాంధీగారు వార్ధాలో 'నయీ తాలీమ్' మొదలుపెట్టింది 1937లో. అదే ఏడాది టోక్యోలో కొబయాషి అనే ఆయన పాత రైలుపెట్టెల్లో బడి పెట్టారు. పొద్దున్నే ఆ రోజు పాఠాల్లో ఏది ముందు చదవాలో పిల్లలే ఎంచుకునేవారు. 'రైలుబడి' చదివిన వాళ్లకు ఆ బడి తెలిసే ఉంటుంది. 1945 యుద్ధంలో బాంబులకు అది కాలిపోయింది. ఆ ఆలోచన మాత్రం కాలిపోలేదు.

మదనపల్లె మెట్లు

అంత దూరం ఎందుకు? మన మదనపల్లె దగ్గర రిషివ్యాలీ ఉంది కదా! జిడ్డు కృష్ణమూర్తిగారి ఆలోచనలతో నడిచే ఆ పెద్ద బడి సంగతి అందరికీ తెలుసు. దాని చుట్టుపక్కల పల్లెల్లో పేదపిల్లల కోసం నడిచిన చిన్న బడుల సంగతి తెలిసినవాళ్లు తక్కువ. పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివర్లో అక్కడ మొదలుపెట్టిన పని అది.

ఒకే గది, ఒకే పంతులు, నాలుగైదు తరగతుల పిల్లలు. ఎవరికని పాఠం చెబుతారు? అందుకని వాళ్లు పుస్తకాన్ని విప్పి చిన్న చిన్న కార్డులుగా మార్చారు. గోడకు నిచ్చెనలాంటి పటం. తాను ఏ మెట్టు మీద ఉన్నదీ పిల్లే చూసుకుని, ఆ గుర్తు ఉన్న కార్డు తనే తీసుకుంటుంది. కొన్ని టీచరు దగ్గర, కొన్ని తోటి పిల్లలతో, కొన్ని ఒక్కతే చేస్తుంది. జ్వరమొచ్చి వారం మానేసినా, తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఉండిపోయినా, తిరిగొచ్చి ఆగిన మెట్టు నుంచే ఎక్కుతుంది. ఆడపిల్లల చదువు ఎక్కడ తెగిపోతుందో తెలిసిన మనకు ఈ ఒక్క మాట చాలదూ!

ఆ బడుల్లో 'మెట్రిక్ మేళా' అని ఒక సంత కూడా జరిపేవారు. దుకాణాలు పెట్టేది, తూచేది, కొలిచేది, లెక్కకట్టేది అంతా పిల్లలే. ఊళ్లోవాళ్లు వచ్చి కొనాలి, కొలిపించుకోవాలి. ఈ పద్ధతిని 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు అందుకున్నాయి. తర్వాత నాలుగైదేళ్లలో తమిళనాడు సర్కారు ప్రాథమిక బడులన్నింటికీ పాకింది.

మన బోరు నీళ్లే పాఠమైతే

1993లో దేశమంతటా మొదలైన బాలల సైన్స్ కాంగ్రెస్ కూడా ఇలాంటిదే. పదేళ్ల నుంచి పదిహేడేళ్లలోపు పిల్లలు జట్టుకట్టి, తమ ఊరి సమస్యనే తీసుకుని పరిశోధించడం దాని పద్ధతి.

మా పొదిలి పిల్లలకు సమస్య కోసం వెతుక్కోవాల్సిన పనేముంది? పొదిలి, కనిగిరి, దర్శి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు సంగతి ఎరగనివాళ్లెవరు! లీటరు నీళ్లలో ఒక మిల్లీగ్రాము దాటకూడదు. వేరే గతి లేనప్పుడు ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. పళ్లు తయారయ్యే చిన్న వయసులో ఎక్కువైతే గార మచ్చలు పడతాయి. ఏళ్ల తరబడి తాగితే ఎముకలు పట్టేస్తాయి. ఇంకో సంగతి... మనలో చాలామంది 'కాచి తాగితే సరి' అనుకుంటాం. కాస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై, మిగిలినదాంట్లో దాని పాలు ఇంకాస్త పెరుగుతుంది!

ఎనిమిదో తరగతి పిల్లలు వీధికొక సీసా నీళ్లు తెచ్చి పరీక్ష చేయిస్తే అది సైన్సు. వచ్చిన అంకెలకు సగటు కట్టి, గీతలు గీస్తే లెక్కలు. ఏ వీధిలో ఎంతుందో పటం గీస్తే భూగోళం. 'బోర్లు రాకముందు ఏ బావి నీళ్లు తాగేవాళ్లు నాయనమ్మా?' అని అడిగి రాసుకుంటే చరిత్ర. అదంతా నలుగురికీ అర్థమయ్యేలా రాసి పంచాయతీలో చదివితే తెలుగు. 2019లో వచ్చిన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పాలన్నది నియమం. చుట్టుపక్కల పల్లెల్లో అలా నేర్చినవాళ్లుంటే, పిల్లలకు వాళ్లకన్నా మంచి టీచర్లెవరు?

మరి మార్కులో?

"ఇట్టా సీసాలు పట్టుకు తిరుగుతా ఉంటే మార్కులొస్తాయా అక్కా?" అని మా వీధిలో ఒక చెల్లెలు అడిగింది. ఆమె భయం ఉత్తది కాదు. మగ్గం పనికో, మిరపకాయల కోతకో పోయి ఫీజు కట్టే తల్లికి మార్కు అంటే పిల్ల భవిష్యత్తు. పైగా ఈ పద్ధతికి టీచరు శ్రమ రెట్టింపు. ఖాళీ పోస్టులున్న బడిలో అది జరిగే పని కాదు. కార్డులు బీరువాలో పెట్టి తాళం వేస్తే ఏ నిచ్చెనా ఎవర్నీ ఎక్కించదు. ఇవన్నీ నిజాలే.

కానీ సగటు అంటే ఏమిటో తన వీధి నీళ్లతో తెలుసుకున్న పిల్ల పరీక్షలో ఆ లెక్క మర్చిపోతుందా? బట్టీ పట్టింది పరీక్ష దాకానే. చేసి తెలుసుకున్నది బతుకంతా.

2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ఎప్పుడైనా పది రోజులు సంచి లేని బడి ఉండాలంది. ఈసారి తల్లిదండ్రుల మీటింగులో మార్కుల కాగితం మీద సంతకం పెట్టాక, 'ఆ పది రోజులు మా పిల్లలతో ఏం చేయిస్తున్నారండీ?' అని ఒక్క మాట అడుగుదాం. ఇంట్లో మనం చేయాల్సిందీ కొంచెమే. ప్రాజెక్టు మనం చేసిపెట్టకుండా చేతులు కట్టుకోవాలి. వంకరగా వచ్చినా వాళ్లదే పోనివ్వాలి. సీసా పట్టుకుని వీధిలోకి పోయే ఆడపిల్లను 'నీకెందుకే ఈ తిరుగుళ్లు' అనకుండా ఉండాలి.

ఎక్కాల్సింది వాళ్లే. నిచ్చెన కదలకుండా పట్టుకుంటే చాలు మనం. ఏమంటారు?