నక్షత్రాలకు దొడ్డిదారి!

ముందు గుమ్మంలోంచి వెళ్తే లక్షల ఏళ్లు. దొడ్డిగుమ్మంలోంచి వెళ్తే గంట! విశ్వంలో అలాంటి దారి ఉందా? ఓ నవల కోసం పుట్టిన ఈ సందేహం భౌతికశాస్త్రంలో పెద్ద వెతుకులాటకే దారితీసింది.

అమెరికా ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సాగన్ ‘కాంటాక్ట్’ నవల 1985లో వచ్చింది. అందులో కథానాయిక వేగా అనే నక్షత్రం దగ్గరికి వెళ్లాలి. అదేమో పాతిక కాంతి సంవత్సరాల దూరం. సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తే కాంతికే పాతికేళ్లు పట్టే ప్రయాణమది. సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో పోతున్న వాయేజర్-1 వ్యోమనౌకకైతే 4 లక్షల ఏళ్లు దాటిపోతుంది. అన్నేళ్లు కథ ఆగదు కదా! అందుకే సాగన్ ఆమెను కృష్ణబిలంలోకి దూకించి, వేగా దగ్గర తేల్చాడు. అయినా ఎక్కడో అనుమానం. రాతప్రతిని మిత్రుడు కిప్ థార్న్‌కి పంపాడు. కాల్‌టెక్‌లో భౌతికశాస్త్రం బోధించే థార్న్ చదివి పెదవి విరిచాడు. కృష్ణబిలంలో పడటమే తప్ప బయటపడటం ఉండదన్నాడు. దాని బదులు ‘వార్మ్‌హోల్’ వాడమన్నాడు.

జామకాయలో పురుగు

ఏమిటీ వార్మ్‌హోల్? జామకాయ మీద ఓ పురుగు ఉందనుకోండి. పైపైన పాకుతూ అవతలి వైపు చేరాలంటే చుట్టూ తిరిగి రావాలి. లోపలికి తొలుచుకుంటూ పోతే దగ్గర దారి. మన విశ్వం ఆ కాయ తొక్కలాంటిదైతే... లోపలి కన్నమే వార్మ్‌హోల్.

ఇది వట్టి ఊహ కాదు. బరువైన వస్తువుల చుట్టూ స్థలమూ కాలమూ వంగుతాయని ఐన్‌స్టీన్ 1915లో చెప్పాడు. 1935లో ఆయనా, నేథన్ రోజెన్ కలిసి ఆ సమీకరణాల్లోనే రెండు చోట్లను కలిపే వంతెన ఒకటి ఉందని చూపించారు. 1957లో చార్లెస్ మిస్నర్, జాన్ వీలర్‌లు ఇలాంటి దారులకు వార్మ్‌హోల్ అని పేరుపెట్టారు.

ఇసుకలో చెలమ

అక్కడే వచ్చింది చిక్కు. 1962లో వీలర్, రాబర్ట్ ఫుల్లర్ లెక్కలు కడితే, ఆ వంతెన తెరుచుకున్నంత వేగంగానూ మూసుకుపోతోంది. మనిషి సంగతి సరే, కాంతి కూడా దాటలేదు. ఏటి ఇసుకలో చెలమ తవ్వుతుంటే గోడలు కూలి పూడిపోతుందే, అలాగన్నమాట.

మరి బావికి ఒరలు దించినట్టు ఆ దారికీ ఏదైనా దన్ను పెడితే? థార్న్, ఆయన శిష్యుడు మైకేల్ మోరిస్ 1988లో ప్రచురించిన పరిశోధన సారాంశం ఇదే. మామూలు పదార్థంతో ఆ ఒర తయారు కాదు. దాని గురుత్వాకర్షణ దారిని ఇంకా లోపలికి లాగేస్తుంది. బయటికి నెట్టే పదార్థం కావాలి. దానికి ఉండాల్సింది రుణశక్తి. పేరులోనే రుణం ఉంది. ఖాతాలో సొమ్ము సున్నా కావడం వేరు, అప్పులో పడటం వేరు కదా. ఇదీ అంతే. శూన్యంలో ఉండే శక్తికన్నా తక్కువ!

అలాంటిది ప్రకృతిలో ఉందా అంటే... ఉంది, చిటికెడు. శూన్యంలో రెండు లోహపు పలకల్ని అతి దగ్గరగా ఉంచితే అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయని హెండ్రిక్ కాసిమిర్ 1948లో చెప్పాడు. పలకల మధ్య శక్తి శూన్యంకన్నా తగ్గిపోవడమే కారణం. 1997లో స్టీవ్ లామొరో ఆ బలాన్ని కచ్చితంగా కొలిచాడు.

కానీ మీటరు వ్యాసార్ధమున్న దారికి కావాల్సింది చిటికెడు కాదు, సుమారు గురుగ్రహమంత! పైగా ఈ అప్పుకు షరతులున్నాయి. ఎంత పెద్ద అప్పు చేస్తే అంత త్వరగా తీర్చెయ్యాలని 1990లలో లారెన్స్ ఫోర్డ్, థామస్ రోమన్ లెక్కలు తేల్చాయి.

రాని అతిథులు

మరో తలనొప్పి కూడా ఉంది. వార్మ్‌హోల్ ఒక చివరను కాంతికి దగ్గరి వేగంతో తిప్పి తెస్తే అక్కడ కాలం వెనకబడుతుంది. అప్పుడది నిన్నటిలోకి దారవుతుంది! అలాంటిది ప్రకృతి ఒప్పుకోదని స్టీఫెన్ హాకింగ్ 1992లో వాదించాడు. 2009 జూన్ 28న కేంబ్రిడ్జిలో కాలయాత్రికులకు విందు ఏర్పాటుచేశాడు. ఆహ్వానాలు మాత్రం విందు అయిపోయాకే బయటపెట్టాడు. భవిష్యత్తు నుంచి వచ్చేవాళ్లకే తెలియాలి కదా! ఒక్కరూ రాలేదు.

గుమ్మం ఎక్కడ?

2020లో హువాన్ మాల్దసేనా, అలెక్సీ మిలేఖిన్ మనిషి దాటగల వార్మ్‌హోల్‌కి లెక్కలు వేశారు. మనకు తెలిసిన కొలతలకు అదనంగా మరోటి ఉందనుకుంటేనే అది సాధ్యం. లోపల వెళ్లే మనిషికి సెకనులోపే వేల కాంతి సంవత్సరాలు దాటినట్టుంటుంది. బయట మాత్రం అన్ని వేల ఏళ్లూ గడిచిపోతాయి. అంటే తిరిగొచ్చేసరికి పలకరించడానికి ఇంట్లో ఎవరూ ఉండరు. దారి ఉన్నా అది దగ్గరి దారి కాదన్నమాట!

ఇంతవరకూ వార్మ్‌హోల్ జాడ ఆకాశంలో ఎక్కడా దొరకలేదు. 2014లో వచ్చిన ‘ఇంటర్‌స్టెల్లార్’ సినిమాలో శని గ్రహం దగ్గర ఓ వార్మ్‌హోల్ కనిపిస్తుంది. దానికి శాస్త్ర సలహాదారు థార్నే. 2017లో గురుత్వ తరంగాల పరిశోధనకు నోబెల్ అందుకున్నదీ ఆయనే. అయినా మనిషి దాటగల వార్మ్‌హోల్‌ని ప్రకృతి అనుమతిస్తుందా అంటే ఆయనకే నమ్మకం తక్కువ. కాకపోతే... కుదరదని రుజువు చేసినవాళ్లూ ఇంకా లేరు. దొడ్డిగుమ్మం ఉందో లేదో తేలేదాకా, నక్షత్రాలకు మనకున్నది ముందు గుమ్మమే!