తూము – తాళము

వరంగల్లు సీమలోని పాకాల చెరువు కాకతీయ గణపతిదేవుని కాలమున వెలసినది. ఇట్టి చెరువుల నీరు ఆయకట్టు రైతులందరిది. అయినను తూము తెరచుట, మూయుట నీరటివాని పని. ప్రతివాడును తూముపై చేయి వేసినచో ఒకని పొలము మునుగును, మరియొకని పొలము ఎండును.

పదిమంది వాడుకొను కంప్యూటరునకును ఈ నియమమే వర్తించును. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో కొర్బాటో అను శాస్త్రజ్ఞుడు, సహచరులతో కూడి, ఒకే యంత్రమును అనేకులు ఏకకాలమున వాడుకొను విధానమును ప్రదర్శించెను. తరువాత వాడిన ఐ.బి.ఎం. 7094 యంత్రమున మెమరీని రెండు అరలుగా అమర్చిరి. యంత్రమును నడపు ప్రోగ్రాము ఒక అరలోను, వాడుకరుల పనులు వేరొక అరలోను ఉండెను. ఒకరి పొరపాటు మొదటి అరను తాకజాలదు. ఎవరి ఫైళ్లు వారికే దక్కునట్లు ఒక్కొక్కరికి రహస్యపదము, అనగా పాస్‌వర్డు, ఏర్పరచిరి. ముఖ్యమైన అమరికలను మార్చు అధికారము నిర్వాహకులకే ఉండెను.

అయినను 1960వ దశకము నడుమ ఒక వింత జరిగెను. ఇద్దరు నిర్వాహకులు ఒకేసారి రెండు ఫైళ్లను సవరించుచుండగా అవి తారుమారయ్యెను. నాటి ప్రకటనకు బదులు, అందరి పాస్‌వర్డులును ప్రతి వాడుకరి యెదుట అచ్చుపడెను! కాపరులే పొరబడినపుడు తాళము ఏమి చేయగలదు?

దీనికి ఉపాయము ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఆ దశకముననే వెలువడెను. పాస్‌వర్డును ఉన్నదున్నట్లు దాచక, తిరిగి విప్పరాని రూపమునకు మార్చి దాచుటయే ఆ ఉపాయము. అపుడు ఆ పట్టిక బయటపడినను నిర్వాహకుడు సైతము దానినుండి పాస్‌వర్డును నేరుగా చదువలేడు.

నీరు అందరికి అందుటకే తూమునకు కాపు. ఆ కాపరి పొరపాటునకును విరుగుడు ఉన్ననాడే ఆ కాపు సార్థకము.