ఘానా ఎయిర్‌వేస్: ఉదయాస్తమయములు

పశ్చిమ ఆఫ్రికాలోని గోల్డ్ కోస్టు 1957 మార్చి 6వ తేదీన స్వతంత్రమై ఘానా అను పేరు దాల్చెను. మరుసటి యేడు జూలైలో ఘానా ఎయిర్‌వేస్ ఏర్పడెను. తొలుత బ్రిటిషు సంస్థ బి.ఓ.ఏ.సి. భాగస్వామిగా ఉండెను, 1961లో సంస్థ పూర్తిగా ప్రభుత్వపరమయ్యెను.

తన పతాకము ధరించిన విమానము కావలెనని నూతన రాజ్యము కోరుట సహజము. ఆ కోరికను మేము తప్పుపట్టము. అయితే అధ్యక్షుడు ఎన్‌క్రుమా ప్రభుత్వము సోవియట్ యూనియన్ నుండి ఎనిమిది ఇల్యూషిన్-18 విమానములను కొని, మాస్కో, కైరో వంటి నగరములకు మార్గములు తెరచెను. ఆ మార్గములు రాజకీయ మైత్రిని అనుసరించినవే గాని ప్రయాణికుల అవసరమును అనుసరించినవి కావు. సీట్లు ఖాళీగా ఉన్నను ఇంధనము, సిబ్బంది, మరమ్మతుల వ్యయము తప్పదు గదా! కొన్ని విమానములను కొలది కాలమునకే తిరిగి పంపివేసిరి.

నష్టమును ఖజానా భరించెను. ఆ ఖజానాకు నాడు ముఖ్యాధారము కోకో రైతుల పంట. 1965 నాటికి కోకో ధర పడిపోయెను. మరుసటి యేడు ఎన్‌క్రుమా పదవీచ్యుతుడయ్యెను. ప్రభుత్వములు మారినను సంస్థ అప్పులు తీరలేదు. 2002లో ఋణదాతలు దాని విమానమొకటి లండనులో పట్టి నిలిపిరి. 2004 జూలైలో అమెరికా తన దేశమునకు దాని రాకపోకలను నిషేధించెను. ఆ దెబ్బకు సంస్థ కోలుకొనలేదు. 2005లో దానిని మూసివేసిరి.

పతాకమును ఆకాశమునకెత్తిన మూల్యమును నేలను దున్నిన రైతు చెల్లించెనని మేము తలంచుచున్నాము.