బడికి పోని ఐలమ్మ పేరు యూనివర్సిటీకి ఎందుకు?

హైదరాబాద్ కోఠిల ఉన్న ఆడపిల్లల యూనివర్సిటీకి 2024ల చాకలి ఐలమ్మ పేరు పెడ్తున్నమని సర్కారు చెప్పినప్పుడు నా దోస్తు ఒకడు అడిగిండు: ‘బడి మొకం చూడని మనిషి పేరు యూనివర్సిటీకి ఏందిరా?’ అని. వాడు ఎక్కిరించి అడగలే, నిజంగనే తెల్వక అడిగిండు. మన ఊర్లల్ల ఐలమ్మ అంటే కొంగు నడుముకు చుట్టి, కర్ర పట్టుకున్న విగ్రహమే. ఆమె కర్ర పట్టకముందు కౌలు రైతు అన్న సంగతి ఎవ్వరు చెప్తలేరు.

ఆమె ఇంటిపేరు చిట్యాల. 1895ల పుట్టింది. బతికింది ఇప్పటి జనగామ జిల్లా పాలకుర్తిల. అప్పట్ల చాకలోళ్లంటే దొరల ఇండ్లల్ల, పట్వారి ఇంట్ల పైస తీస్కోకుండ బట్టలు ఉతకాలె, ఏ పనికి పిలిస్తే ఆ పనికి పోవాలె. దాన్నే వెట్టి అన్నరు. అసొంటి ఇంటి ఆడమనిషి మల్లంపల్లి మక్తేదారు కొండలరావు తాన భూమి కౌలుకు పట్టి, అందుల నాలుగెకరాలు సాగు చేసింది. ఆంధ్ర మహాసభల చేరింది. ఊర్లల్ల దాన్ని ‘సంఘం’ అంటుండె. వెట్టికి రమ్మంటే రానన్నది.

విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి వేల ఎకరాల ఆసామి. నాలుగెకరాల వడ్లు ఆయనకు ఒక లెక్కనా? కాదు. కని చాకలామె సొంతంగ పంట తీస్తే, రేపు వెట్టికి ఎవరొస్తరు? ఆయన భయం అది. ఆ భూమి నాదే అన్నడు, పంట కోసుకరమ్మని మనుషులను తోలిండు. సంఘపోళ్లు అడ్డం నిలబడి, ధాన్యం ఐలమ్మ ఇంటికి చేర్చిండ్రు. భీంరెడ్డి నర్సింహారెడ్డి అసొంటి నాయకులు ఆమె దిక్కు నిలబడ్డరు. కేసులు అయినయి, ఆమె ఇల్లు తగలబెట్టిండ్రు. అయినా భూమి ఇడ్వలే. 1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమురయ్యను కాల్చి చంపినంక పోరాటం ఊరూరా అంటుకున్నది గాని, దొరకు ఎదురు నిలబడొచ్చని పాలకుర్తి జనం ముందే చూసిండ్రు.

పేర్ల ‘చాకలి’ ఎందుకు, చిట్యాల ఐలమ్మ అంటే సరిపోదా అని కొందరంటరు. నాకైతే ఉండాల్ననే అనిపిస్తది. దొరకు కోపమొచ్చిందే ఆ కులపామె రైతయ్యిందని. ఆ మాట తీసేస్తే కొట్లాట ఎందుకయ్యిందో సగం అర్థం కాదు.

కోఠి బంగ్లా ముచ్చట గూడ ఇనాలె. అది ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు ఉన్న మేడ. నిజాం దర్బారు మీద ఒక కన్నేసి ఉంచే తెల్లదొర తావు. 1949ల ఆడికి ఆడపిల్లల కాలేజీ వచ్చింది, 2022ల అదే యూనివర్సిటీ అయ్యింది. ఇప్పుడు ఆ గేటుకు వెట్టి చెయ్యనన్న ఆడమనిషి పేరు. మన ఊర్ల నుంచి పోయి చదివే పిల్లల సర్టిఫికెట్ మీద గూడ అదే పేరు. ‘ఎవరీమె’ అని ఎవరన్న అడిగితే, వెట్టి సంగతి, కౌలు సంగతి చెప్పకుండ ఆమె గురించి ఏం చెప్తం?

కౌలు సంగతి పాతది గూడ కాలే. మా నాయన ఇప్పటికీ కౌలుకే చేస్తడు. 2018ల రైతుబంధు వచ్చినప్పుడు పైసలు పట్టాదారు ఖాతాల పడ్డయి, దున్నేటోనికి రాలే. కౌలుదారులకు గుర్తింపు కార్డులిచ్చి, బ్యాంకుల అప్పు పుట్టేటట్టు చెయ్యాల్నని 2011ల ఒక చట్టం చేసిండ్రు. అసొంటి కార్డు మా నాయన చేతిల నేను ఎన్నడు చూడలే.

సెప్టెంబర్ 26న ఐలమ్మ జయంతి. విగ్రహానికి దండ వేయనీకి వచ్చే లీడర్లను ఆ కార్డులు ఏమైనయో అడుగుర్రి.