మనోడే కదా అని రసీదు అడగలేదు

మిల్లులో ముప్పై ఏండ్లు సాంచె నడిపినవాణ్ణి నేను. తాను బయటికి పోయే ముందు వెలుతురుకు పట్టి చూసేవాళ్లం. ఒక్క పోగు తెగినా కంటికి దొరికేది. అట్లాంటి నేను కొడుకు బండి కొనేటప్పుడు కాగితం చూడలేదు. మన బస్తీలో ఇంకొకరికి ఇట్లా కావొద్దని రాస్తున్నాను.

2022 దసరా ముందు మాట. మా చిన్నోడు అప్పటిదాకా కిరాయి బండి తోలేవాడు. సొంతంగా ఒక మూడు చక్రాల సామాను బండి ఉంటే కూరగాయలు వేసుకొని బతుకుతా అన్నడు. చంద్రపూర్‌లోనే పాత బండ్లు అమ్మే ఒకాయన దగ్గరికి పోయినం. మేము తెలుగువాళ్లమని తెలియంగనే "మాది కరీంనగర్ సైడే కాకా" అని చాయ్ తెప్పించిండు. లక్షా నలభై వేలకు బేరం కుదిరింది. ఎనభై వేలు చిన్నోడు ఫోన్లో కొట్టిండు. అరవై వేలు నా పీఎఫ్ డబ్బు, నగదు ఇచ్చిన. చిన్నోడు రసీదు అడగబోతే నేనే ఆపిన. "మనోడే గదరా, ఏం కాగితం" అన్న.

"కిస్తీలు అయిపోయినయ్, ఎన్ఓసీ పదిహేను రోజుల్ల తెచ్చిస్త" అని అమ్మినాయన చెప్పిండు. పదిహేను రోజులు నాలుగు నెలలైనయ్. ఒకరోజు రాజురా రోడ్డు మీద ఫైనాన్స్ వాళ్లు బండి ఆపి తీసుకపోయిండ్రు. మొదటి ఓనర్ కిస్తీలు కట్టలేదట. ఆర్‌సీ మీద ఆ ఓనర్ పేరే ఉన్నది, కింద ఫైనాన్స్ కంపెనీ పేరూ ఉన్నది. కార్డు మా ఇంట్లోనే ఉండె, చదవలేదు.

అమ్మినాయన దగ్గరికి ఆరేడుసార్లు తిరిగినం. ముందు "రేపు మాపు" అన్నడు. తర్వాత "నేను మధ్యలోనోణ్ణి, పోయి ఓనర్‌ని అడుక్కో" అన్నడు. యూనియన్‌ల పనిచేసిన పాత దోస్తు ఒకాయన అసలు సంగతి చెప్పిండు: "రెండేండ్లలోపు గ్రాహక్ ఆయోగ్‌ల కేసు వెయ్యాలె. వాడు దినాలు నెడుతున్నది అందుకే."

ముందు రిజిస్టర్ పోస్టులో నోటీసు పంపినం. జవాబు లేదు. జిల్లా గ్రాహక్ ఆయోగ్‌లో మరాఠీలో ఫిర్యాదు వేసినం. పక్కింటి కాలేజీ పిల్ల రాసిచ్చింది. ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. వకీలును పెట్టుకోవాలన్న నియమం కూడా లేదు.

అవతలి వకీలు మాత్రం గట్టి మాట ఎత్తిండు: "ఇది వ్యాపారం బండి. వ్యాపారానికి కొన్నవాడు గ్రాహకుడు కాడు." మాకు గుండె జారింది. కానీ 2019 చట్టంలోనే దానికి జవాబు ఉన్నది. సొంత పనితో పొట్ట పోసుకోవడానికి కొన్న సరుకు వ్యాపారం కిందికి రాదు. బండి మావాడే తోలుతున్నడు, డ్రైవర్‌ను పెట్టలేదు. లైసెన్సు చూపినం, మార్కెట్ వాళ్ల మాట రాయించి ఇచ్చినం. ఆయోగ్ ఒప్పుకున్నది.

2024లో తీర్పు వచ్చింది. ఫోన్లో కొట్టిన ఎనభై వేలు వడ్డీతో, పైన కొంత ఖర్చులకు ఇయ్యమన్నరు. అరవై వేల నగదు మాత్రం ముట్టలేదని ఆయన ప్రమాణపత్రం ఇచ్చిండు. మా చేతిలో చీటీ ముక్క లేదు. ఆ డబ్బు పోయింది. తప్పు నాదే. ఇంట్లో ఆమె ఒక్కటే మాట అన్నది: "భాష ఒకటైతే బుద్ధి ఒకటైతదా?"

కొనే ముందు

బండి నంబరును ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉంటే, అప్పు తీరిందని కంపెనీ ఇచ్చే ఎన్ఓసీ, ఫారం 35 చేతికి వచ్చేదాకా పైసా ఇవ్వకండి. ఆసిఫాబాద్, మంచిర్యాల వైపు నుంచి తెచ్చే తెలంగాణ నంబరు బండికి అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్ఓసీ కూడా కావాలి.

పేరు మార్చుకోవడానికి 29, 30 ఫారాలు ఉంటాయి. కొన్నవాళ్లు 30 రోజుల్లోపు ఆర్టీవోకు చెప్పాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్లు అమ్మే డీలరుకు ఆర్టీవో అనుమతి పత్రం ఉండాలి. చూపించమని అడగండి. డబ్బు బ్యాంకు ద్వారా గానీ ఫోన్ ద్వారా గానీ ఇవ్వండి. నగదు ఇస్తే సంతకం, ముద్ర ఉన్న రసీదు తీసుకోండి.

అమ్మేవాళ్లకూ ఒక మాట. పేరు మార్పించకుండా బండి ఇచ్చేస్తే, రేపు యాక్సిడెంట్ అయితే పరిహారం మీ మెడకే చుట్టుకుంటుంది. రికార్డులో ఎవరి పేరుంటే వారే ఓనర్ అని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది.

మోసపోయిన తర్వాత

1915 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెప్తారు. అమ్మినవాడు ఏ ఊరివాడైనా మీరుండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. తీర్పు వచ్చాక కూడా డబ్బు ఇవ్వకపోతే జైలు శిక్ష వేసే అధికారం ఆయోగ్‌కు ఉంది. మాకు డబ్బు వచ్చింది ఆ దరఖాస్తు పెట్టినాకనే. డీలరు దగ్గర కాక మామూలు మనిషి దగ్గర కొంటే మాత్రం ఈ ఆయోగ్ పనికిరాదు, పోలీసు దగ్గరికో సివిల్ కోర్టుకో పోవాలి. జిల్లా న్యాయ సేవల సంస్థలో ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, ఫ్యాక్టరీ కార్మికులకు ఉచితంగా వకీలును ఇస్తారు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

చిన్నోడు మళ్లీ కిరాయి బండే తోలుతున్నడు. పోయిన నెల ఇంకో పాత బండి చూసి వచ్చిండు. ఈసారి ముందుగాల ఆర్‌సీ తెచ్చి నా చేతిలో పెట్టిండు. కళ్లద్దాలు పెట్టుకొని ఇద్దరం లైను లైను చదివినం. కింద ఒక ఫైనాన్స్ కంపెనీ పేరు ఉన్నది. వద్దని వాపస్ ఇచ్చినం.