అంకెలు కంఠస్థము, అర్థము శూన్యము

అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టును తిరిగిన వారికి శిక్షణాలయముల బోర్డులు తప్ప గోడలు కానరావు. జిల్లాలనుండి వచ్చిన యువకులు ఇరుకు హాస్టలు గదులలో నివసించుచు, కంప్యూటరు విద్యకును, సర్కారు కొలువుల పరీక్షలకును రేయింబవళ్లు పాటుపడుచున్నారు. మా పాఠకులలో నెందరో తమ బిడ్డలను అచ్చటికి పంపినవారే. కొలువు గోరు యువకుని రాజ్యాంగపు 21వ అధికరణ మెట్టిదని యడిగినచో, ప్రాణమునకును వ్యక్తిస్వేచ్ఛకును రక్షణయని తడుముకొనక చెప్పును. లాకప్పు గదిలో ఆ మాటకు అర్థమేమని యడిగినచో తడబడును. ఇది యతని దోషము కాదు. పరీక్ష యడుగనిది బోధకుడు చెప్పడు. బోధకుడు చెప్పనిది విద్యార్థి చదువడు.

క్రూరములును అసాధారణములునైన శిక్షలు కూడవని 1689లోనే ఆంగ్లేయుల హక్కుల శాసనము పలికెను. 1791లో అమెరికా రాజ్యాంగపు ఎనిమిదవ సవరణ ఆ మాటనే గ్రహించెను. మన రాజ్యాంగములో ఆ పదములు లేవు. అయినను 21వ అధికరణమునుండియే మన సుప్రీంకోర్టు ఆ రక్షణను రాబట్టినది. ఉరిశిక్ష పడెనన్న మాత్రమున ఖైదీని ఏకాంతవాసమున నుంచరాదని 1978లో సునీల్ బాత్రా కేసున చెప్పెను. తోటి ఖైదీని వార్డరు హింసించెనని అదే ఖైదీ వ్రాసిన యుత్తరమును పిటిషనుగా నెంచి 1979లో విచారించెను.

ఈ పాఠమునకు దూరము పోనక్కరలేదు. 1975 డిసెంబరు 1వ తేదీన ఈ నగరమునందే, ముషీరాబాదు జైలులో భూమయ్య, కిష్టాగౌడులను ఉరితీసిరి. అది అత్యవసర పరిస్థితి కాలము. 21వ అధికరణము పేర కోర్టుకెక్కు హక్కు అప్పుడు నిలిపివేయబడి యుండెను. ఎట్టి యత్యవసరమునందును 20, 21 అధికరణములను నిలుపరాదని 1978లో 44వ సవరణ శాసించినది. ఆ జైలు నేడు లేదు. ఆ స్థలమున గాంధీ ఆసుపత్రి వెలసినది. సవరణ సంఖ్యను వల్లించు విద్యార్థికి ఈ కథ చెప్పువా రెవరు?

నేరస్థునిపై జాలి యేల యని కొంద రందురు. జాలి ప్రసక్తి యిందు లేదు. శిక్ష విధించునది న్యాయస్థానము. ఆ తీర్పునకు మించి ఒక్క దెబ్బ పడినను అది శిక్ష కాదు, మరియొక నేరము.

నేడు అమీర్‌పేట బెంచీలపై గూర్చున్నవారే రేపు సబిన్‌స్పెక్టర్లు, జైలరులు, తహసీల్దారులు కాగలరు. వారి చేతికి లాఠీయు తాళపుచెవులును వచ్చిన పిదప చెప్పబోవుట ఆలస్యమే యగును. కావున ప్రతి యధికరణముతో నొక కేసును, ప్రతి కేసుతో నొక మనిషి కథను బోధింపవలెనని మేము కోరుచున్నాము. బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును 2009 నాటి విద్యాహక్కు చట్టపు 17వ సెక్షను నిషేధించినది. బెత్తముతో నేర్చినవాడు లాఠీనే నమ్మును. కనుక ఈ బోధ బడియందే మొదలు కావలెను.