చెవికి యంత్రం వచ్చింది - గదిలో మోత పోలేదు!

ఇంట్లో అమ్మ పిలిస్తే చటుక్కున తల తిప్పే బిడ్డ, బడిలో మేష్టారు పాఠం చెబుతుంటే దిక్కులు చూస్తుంది. "ఆపరేషన్ చేయించారు కదా, ఇంకా వినబడదా?" అని ఇరుగుపొరుగు ఆశ్చర్యపోతారు. "ధ్యాస లేదు" అని మేష్టారు విసుక్కుంటారు. తప్పు బిడ్డది కాదు, యంత్రానిదీ కాదు. చాలాసార్లు తప్పు గదిది!

పుట్టు చెవుడు గల పిల్లలకు లోపలి చెవిలో అమర్చే పరికరమే కాక్లియర్ ఇంప్లాంటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం కింద పేద కుటుంబాల పిల్లలకు సైతం ఈ ఆపరేషన్లు జరిగాయి. చెవి వెనుక తగిలించిన మైకు మాటను పట్టుకుంటుంది. దానితో వున్న చిన్న యంత్రం ఆ మాటను విద్యుత్ సంకేతాలుగా మార్చి, చర్మం కింద అమర్చిన భాగం ద్వారా నత్తగుల్ల ఆకారంలో వుండే లోపలి చెవికి పంపుతుంది. అక్కడినుంచి నరం మెదడుకు చేరవేస్తుంది.

మామూలు చెవిలో ఈ పని చేసే సూక్ష్మ కణాలు వేల సంఖ్యలో వుంటాయి. ఇంప్లాంటులో వుండే ఎలక్ట్రోడ్లు సాధారణంగా 12 నుంచి 22 మాత్రమే. అందుచేత నిశ్శబ్దంగా వున్న చోట మాట బాగానే తెలిసినా, మోగే గదిలో చిక్కు వచ్చిపడుతుంది.

'పాట', 'పాప' ఒకటే!

ఖాళీ సిమెంటు గదిలో చప్పట్లు కొడితే శబ్దం వెంటనే ఆగదు. గోడలకు, శ్లాబుకు, గచ్చుకు తగిలి మళ్ళీ మళ్ళీ వస్తుంది. తాటాకు పాకలో అంతగా మోగదు. ఆకు శబ్దాన్ని పీల్చుకుంటుంది.

'పాట', 'పాప', 'పాక' అనే మాటలే తీసుకోండి. 'పా' గట్టిగా వినిపిస్తుంది. తర్వాతి అక్షరానికి ముందు రెప్పపాటు నిశ్శబ్దం వుంటుంది. మోగే గదిలో 'పా' సాగి ఆ సందును పూడ్చివేస్తుంది. మూడు మాటలూ ఒకే మాదిరిగా వినబడతాయి. మంచి చెవి గలవారు సర్దుకుంటారు. ఇంప్లాంటు బిడ్డకు అది చాలా కష్టం.

అమెరికాలోని డల్లాస్‌లో టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనిని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. మోత లేనిచోట పది మాటలకు సుమారు తొమ్మిది గుర్తించిన ఇంప్లాంటుదారులు, శబ్దం అణగడానికి ఒక సెకను పట్టే చోట సుమారు రెండే గుర్తించగలిగారు. మామూలు తరగతి గదిలో ఈ కాలం 0.6 సెకనుకు మించరాదని ఆ దేశంలో 2002లోనే ప్రమాణం పెట్టారు.

యంత్రంలోనే మోతను వడగట్టే పద్ధతులపై పరిశోధనలు సాగుతున్నాయి. అయితే ఫ్యాను రొద వేరు, మోత వేరు. మోత కూడా ఆ మాట్లాడేవారి గొంతే కనుక విడదీయడం అంత తేలిక కాదు.

ఏం చేయాలి?

గట్టిగా అరచినందువల్ల ప్రయోజనం లేదు. అరుపుతోబాటు మోతా పెరుగుతుంది. బిడ్డకు బారెడు దూరంలోకి వచ్చి, ముఖం కనబడేలా, నిదానంగా మాట్లాడాలి. బడిలో ముందు వరుసలో, మేష్టారి దగ్గరగా కూర్చోబెట్టాలి.

గదిలో మెత్తని వస్తువులు పెంచాలి. పాత బొంతలు, దళసరి దుప్పట్లు గోడకు నాలుగు వేళ్ళ ఎడంగా వేలాడదీస్తే మోత తగ్గుతుంది. కింద మందపాటి జంపఖానా పరచాలి. పలుచని చాప, గోడకు అంటించే గుడ్ల అట్టలు పెద్దగా పనిచేయవు.

మేష్టారు చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు మరో మంచి మార్గం. ఆయన మాట గదంతా తిరగకుండా తిన్నగా బిడ్డ యంత్రానికి చేరుతుంది. అయితే అది బిడ్డ యంత్రానికి సరిపడేది కావాలి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలోని వినికిడి నిపుణులను అడిగి తీసుకోవాలి. గదిలో సౌండుబాక్సు పెడితే ఈ పని జరగదు, మోతే పెరగవచ్చు.

లక్షల ఖర్చుతో ఆపరేషన్ జరిగిన బిడ్డ, నాలుగు బొంతలు లేక పాఠం పోగొట్టుకోవడం న్యాయం కాదు. ఇటువంటి పిల్లలు వున్న బడులలో ఒక్క గదినైనా ఈ విధంగా సరిచేయడానికి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, గ్రామపెద్దలు పూనుకోవాలి. ముందుగా గది మధ్య నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి. మోత వినిపిస్తే పని మొదలుపెట్టవలసిందే!